గోడ ఉంచేసుకున్న నీడ

అబద్ధమే కదా, తను అల్లిందే కదా, మరి తనకెందుకు భయం? అనుకుంటూనే అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎదుటి ఫుట్‌పాత్ మీదికి మారింది. మబ్బు కమ్మి, బడి వదిలేసరికే వీధి దీపాలు వెలిగాయి. గోడవైపు చూడకూడదనుకుంది. చూసింది.

బస్టాప్ పక్కనున్న ఆ గోడమీద గొడుగుల కంపెనీవాళ్లు వెలుతురుతో ప్రకటన పెట్టారు. కిందనున్న పసుపు వలయంలో నిలబడితే మన నీడ గోడమీద ఏనుగంత పెరుగుతుంది. చెయ్యెత్తితే దాని చేతిలో గొడుగు విచ్చుకుంటుంది. మనం వెళ్లిపోయినా అది పోదు. ఇంకొకరు వచ్చేదాకా ఒంటరిగా చెయ్యి ఊపుతూనే ఉంటుంది.

మొన్న చిన్నోడు ఆ వలయం వదిలి రానని మొండికేశాడు. అక్క బతిమాలింది, బ్యాగు పట్టుకుని బయటికి లాగింది. వాడు మళ్లీ పరిగెత్తబోయాడు. అప్పుడు గోడమీద మిగిలిన నీడను చూపించి, నెమ్మదిగా చెప్పింది.

"నీ నీడని గోడ ఉంచేసుకుందిరా. ఇంక నీకు లేదు."

వాడు కిక్కురుమనకుండా ఇంటిదాకా నడిచాడు. ఉపాయం పారిందని అక్క సంబరపడింది.

ఇవాళ పొద్దున వాడి టీచరు ఆమెను పిలిచింది. ఆటల పీరియడ్‌లో అందరూ ఎండలో ఆడుతుంటే మీ తమ్ముడు మెట్లకింద నక్కి కూర్చుంటున్నాడు, ఏమైందో కనుక్కోమంది. అక్క వెళ్లి అడిగింది.

"ఎండలోకొస్తే అందరికీ తెలిసిపోతుందిగా," అన్నాడు వాడు, "నాకు లేదని."

"పిచ్చి మొహమా, ఊరికే అన్నాన్రా."

"అప్పుడు నువ్వు నవ్వలేదు."

"పోనీ, ఒక్కసారి కిందికి చూసుకో."

"చూడను. లేకపోతే?"

ఆ మాట అక్క చెవిలో ఉండిపోయింది. లేకపోతే? బడి నుంచి ఇంత దూరం నడిచినా తనూ ఒక్కసారి కిందికి చూడలేదని ఇప్పుడే తెలిసింది.

వలయంలో ఎవరూ లేరు. గోడమీద మాత్రం ఒక పొట్టి నీడ చెయ్యి ఊపుతోంది.

"అది నాదే," అన్నాడు చిన్నోడు. "నన్ను పిలుస్తోంది."

వాడి అరచెయ్యి చల్లగా ఉంది. అక్క వాణ్ణి మళ్లీ గోడవైపుకి రోడ్డు దాటించి, వలయం పక్కనున్న దీపస్తంభం కింద నిలబెట్టింది. "నేను అబద్ధం చెప్పాన్రా. నువ్వు నమ్మాలని కావాలనే నవ్వలేదు," అంది.

వాడు నమ్మినట్టు లేదు.

అక్క వలయంలోకి అడుగు పెట్టింది. పొట్టి నీడ మాయమైంది. తన నీడ లేచింది. చెయ్యెత్తింది, గొడుగు విచ్చుకుంది. వెనక్కి నడిచి తమ్ముడి పక్కకు వచ్చింది. గోడమీది నీడ ఆమెతో రాలేదు.

"నాదీ ఉంచేసుకుంది. ఇప్పుడు నా కాళ్ల దగ్గర చూడు," అంది, తను చూడకుండానే.

చిన్నోడు వంగాడు. తర్వాత వేలితో నేలను తాకాడు.

"ఉంది. జడలు కూడా ఉన్నాయి." వేలు పక్కకి జరిపి, "దాని పక్కన నాది," అన్నాడు.

అప్పుడు అక్క తల దించి చూసింది.