పన్నెండో చెట్టు

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలు... ఆకాశమంతా కారుమేఘాలు కమ్ముకుని వీధి చీకటైపోయింది. ఫెళఫెళమని ఉరుము! ఠక్కున కరెంటు పోయింది. పటాల దుకాణం చూరు మీద, పట్టపగలు, ఒక గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది!

వెనకగదిలో మంచానికి కట్టేసి ఉన్న చెల్లెలు అచ్చం అదే గొంతుతో బదులు కూసింది.

అక్క చేతిలోని సుత్తి జారి కింద పడింది. పటాలు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషామె. పెళ్లి ఫొటోల నుంచి డిగ్రీ పట్టాల దాకా ఆ వీధిలో గోడకెక్కినవన్నీ ఆమె బిగించినవే. సుత్తి దెబ్బ వేలిమీద పడ్డా కిమ్మనని ఆ మనిషికి ఇవాళ పొద్దుటి నుంచి ఒక్క మేకూ తిన్నగా దిగడం లేదు.

అంతా ఆ అడవి బొమ్మతో మొదలైంది. మూడు రోజుల కిందట తెల్లటి గ్లౌజులు తొడుక్కున్న పెద్దమనిషి ఒకడు వచ్చి, చుట్టచుట్టిన కాగితం బల్ల మీద పరిచాడు. ఎవరో ఆధునిక చిత్రకారుడు వేసిన ఆకురాలే కాలపు అడవి... దానికి అచ్చు ప్రతి. కాండాలంటే నిట్టనిలువు నల్లగీతలు, ఆకులంటే ఎరుపు, నారింజ ముద్దలు. ముందు వరసలో పదకొండు చెట్లు.

"ఇదేం అడవే అక్కా! రంగు డబ్బా తన్నేసినట్టుంది," అని చెల్లెలు కిసుక్కున నవ్వింది.

పెద్దమనిషీ నవ్వాడు. "అద్దం మాత్రం ఈ అమ్మాయే తుడవాలి. లేత చేతులు కదా!"

అక్కడే పప్పులో కాలేశారు. అద్దం బిగించే ముందు లోపలివైపు నోటితో 'హా' అని ఊది, మెత్తటి గుడ్డతో తుడవడం నాన్న నాటి నుంచీ ఆ దుకాణం పద్ధతి. చెల్లెలు ఊదింది, తుడిచింది. వెంటనే అక్క వెనక అట్ట పెట్టి మేకులు కొట్టేసింది. ఆ అమ్మాయి ఊపిరి పటంలో బందీ అయిపోయింది!

ఆ సాయంత్రానికే చెల్లెలి మాట పడిపోయింది. కళ్లు తేలేసింది... జుట్టులోంచి కుళ్లిన ఆకుల వాసన! డాక్టరు నాడి చూసి, బలానికి మందు రాసి చేతులు దులుపుకున్నాడు. మర్నాడు పటంలో పదకొండు చెట్ల పక్కన ఒక సన్నటి మొక్క కనిపించింది. ఆ మర్నాటికి అది చెట్టయింది! చెల్లెలు మాటిమాటికీ లేచి పటం వైపు నడవబోతుంటే అక్క మంచానికి కట్టేసింది.

ఇవాళ తెల్లవారుతూనే చెల్లెలి నోట ఎవరిదో ముసలి గొంతు పలికింది. "మేం పదకొండు మందిమి... వాడు నాటిన ఆడవాళ్లం! పన్నెండింటికి వాడొచ్చి పటం ముందు మంత్రం చదువుతాడు. అది పూర్తయితే నీ చెల్లెలూ మాలో ఒకతె. వాడి ఊపిరి తగిలితేనే మేం వాణ్ణి తాకగలం, అద్దం అడ్డం ఉంటే అది మాదాకా రాదు... వాడి ఊపిరి మాకివ్వు తల్లీ!"

గడియారం పన్నెండు కొట్టింది. తలుపు దానంతటదే తెరుచుకుంది!

గ్లౌజుల పెద్దమనిషి సంచిలోంచి ఒక కపాలం తీసి, మేకుల డబ్బాల మధ్య తాపీగా పెట్టాడు. "చిన్నమ్మాయికి ఒంట్లో బాగోలేదటగా?"

"మా చెల్లిని వదిలెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"వదలాలా? పిచ్చిదానా! అసలు చిత్రంలో ముందు వరసలో ఒక్క చెట్టూ లేదు. ఈ పదకొండూ నేను నాటినవే! ఒక్కో చెట్టుకీ నాకు పన్నెండేళ్ల ఆయుష్షు... పటం ఇటు పెట్టు. అద్దం మీద మరకుంటే ఊరుకోను!"

ఆమె గుడ్డ తీసి పటాన్ని తుడవసాగింది. కానీ అక్కడ అద్దం లేదు!

పొద్దుటే మేకులూడదీసి, అద్దం తీసి బల్ల కింద దాచేసింది. ఇప్పుడామె తుడుస్తున్నది ఉత్త గాలిని. బొమ్మకు వెంట్రుకవాసి దూరంలో, పై నుంచి కిందికి, మూలల్లో వేలు పెట్టి మరీ తుడిచింది. గుడ్డ ఒక్కసారి కాగితాన్ని రాసుకుందా, ముడత పడుతుంది... వాడికి తెలిసిపోతుంది... చెల్లెలు దక్కదు! ఇరవయ్యేళ్లుగా అలవాటైన చెయ్యి, ఆ ఒక్క నిమిషం వణకలేదు.

ఆ మసక వెలుతురులో వాడు పటం అంచులు పట్టుకుని ముఖం దగ్గరకు తెచ్చాడు. భీకరంగా మంత్రోచ్చారణ మొదలైంది! కపాలం కళ్లలో నిప్పులు రాజుకున్నాయి. వెనకగదిలో చెల్లెలు గావుకేక పెట్టింది. వాడి వేడి ఊపిరి నేరుగా కాగితం మీద పడింది...

ఒక ఎర్రటి ఆకు కదిలింది.

"అద్దం... అద్దమేదే?!"

మంత్రం సగంలో తెగింది. పదకొండు నల్లటి కొమ్మలు కాగితంలోంచి విషసర్పాల్లా బుసకొడుతూ లేచాయి! మెడకు చుట్టుకున్నాయి, నోట్లోకి చొరబడ్డాయి. "వదలండి! నేను మీ యజమానిని!" అని వాడు విలవిల్లాడాడు. పదకొండు మంది ఆడవాళ్లు ఒక్కసారిగా వికటాట్టహాసం చేశారు... దుకాణంలోని అద్దాలన్నీ గలగల్లాడాయి! కపాలం భళ్లున పగిలింది. బల్ల మీద తెల్ల గ్లౌజులు రెండూ మిగిలాయి. వాడు లేడు!

చల్లటి నిట్టూర్పులు ఒకదాని వెంట ఒకటి అక్క చెవుల పక్కగా వీధిలోకి వెళ్లిపోయాయి. ఆమె లెక్కపెట్టింది. పదకొండు.

వెనకగదిలో దగ్గు వినిపించింది. "అక్కా... నన్నెందుకు కట్టేశావే? ఆకలేస్తోంది!"

ఆ మాటకు అక్క భోరున ఏడ్చేసింది. అయినా ముందు పని ముందే. బల్ల కిందినుంచి అద్దం తీసి, ఊదకుండా పొడిగుడ్డతో తుడిచి, పటానికి బిగించింది. మామూలుగా వైపుకు నాలుగు మేకులు కొట్టే మనిషి, ఈసారి డబ్బా ఖాళీ అయ్యేదాకా కొట్టింది. ముందు వరసలో ఇప్పుడు ఒకే ఒక వంకర చెట్టుంది. గాలి లేకపోయినా దాని ఆకులు గిజగిజా కొట్టుకుంటున్నాయి.

వారం తర్వాత పక్కింటివాళ్ల ఫొటో ఒకటి పటం కట్టడానికి వచ్చింది. చెల్లెలు అద్దం పైకెత్తి, అలవాటుగా 'హా' అనబోయింది. అక్క ఒక్క గెంతులో వచ్చి, ఆ నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.