అడ్డం పెట్టుకున్న నిజం

శాలిబండలోని ఆ సందుకు బాలనర్సింహ పాలక్యాన్ల చప్పుడుతోనే తెల్లవారుతుంది. జల్‌పల్లి కొట్టంలో పితికిన పాలు ఐదున్నరకల్లా ట్రాలీ ఆటోలో ఇంటిముందుకు చేరతాయి. ఆయన క్యాన్లు దింపుతాడు. భార్య ఆండాలు ఒక్కొక్క మూత తీసి, వంగి వాసన చూస్తుంది. "మంచిది" అంటే ఆ క్యాను అమ్మకానికి పోతుంది. మాట్లాడకుండా పక్కకు జరిపితే ఆ పాలు ఎవరికీ పోయరు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో పాలకు మరో పరీక్ష లేదు.

ఆ ఆదివారం, మంచులో పెట్టి తెచ్చిన నిన్నటి సాయంత్రం పాల దగ్గర ఆమె రెండుసార్లు వంగింది. కాసేపు ఆగి, "మంచిదే" అంది.

సెలవు కావడంతో కూతురు అమల కూడా వాకిట్లోనే ఉంది. డిగ్రీలో పోషకాహారం చదువుతున్న పిల్ల. తండ్రి కాలేయానికి కొవ్వు పట్టిందనీ పన్నెండు కిలోలు తగ్గాలనీ డాక్టరు చెప్పినప్పుడు, ఆ డాక్టరునే అడిగి కీటో భోజనం పట్టిక రాసి వంటింటి గోడకు అంటించింది. అన్నం లేదు, రొట్టె లేదు, చక్కెర లేదు. నెయ్యిలో వేయించిన గుడ్లు, పనీరు, కోడికూర, ఆకుకూరలు. మొదటి నెలలో ఐదు కిలోలు తగ్గాడు. ఆ తర్వాత నెల రోజులుగా కాటా ముల్లు కదలడం లేదు.

"ఎక్కు బాపు" అంటూ అమల కాటా ముందుకు జరిపింది.

ముల్లు పాత చోటే నిలిచింది.

"ఎనభై ఎనిమిది. గిట్లెట్ల?" ఆమె తల్లివైపు తిరిగింది. "అమ్మా, నిజం చెప్పు. బాపుకు చాటుకు అన్నం పెడుతున్నవా?"

"నేనెందుకు పెడ్త?"

"జాలితోని. 'బర్రె లెక్క ఆకులు తింటున్నడు పాపం' అని మొన్న నువ్వే అన్నవ్."

"అన్న. అన్నం మాత్రం పెట్టలే." ఆండాలు క్యాను మూత బిగించింది. "అన్నం సంగతి నన్ను అడుగుతున్నవ్. నోట్లకెళ్లి మందు వాసన వస్తున్నది, ఆ సంగతి మీ బాపును అడుగు."

అమల నిట్టూర్చింది. "మల్ల మొదలుపెట్టినవా? ఎన్నిసార్లు చెప్పాలె? అన్నం మానేస్తే ఒళ్లు కొవ్వును కాలుస్తది. అప్పుడు కీటోన్లు పుడ్తయి. అవి ఊపిరిల బయటికొస్తయి. మాగిన పండు వాసన, గోళ్లరంగు వాసన, ఒక్కోసారి మందు వాసన లెక్క గూడ ఉంటది. పుస్తకంలనే ఉన్నది."

"నీ పుస్తకంల ఉండొచ్చు."

"ఏడేండ్ల కింద మానేసిన మనిషిని ఇంకా దొంగ లెక్క చూస్తవేందమ్మా? నీకొక్కదానికే ఎందుకొస్తది ఆ వాసన? బాపు, నువ్వన్న చెప్పు."

బాలనర్సింహ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పోనియ్ బిడ్డా. పొద్దుపొద్దున లొల్లి ఎందుకు" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన నేర్పంతా అక్కడే ఉంది. నెల క్రితం సైదాబాద్‌లో ఒక దావత్‌లో స్నేహితుడు కృపాకర్ గ్లాసు అందిస్తూ, "కల్లుల తీపి ఉంటది భాయ్, బీర్ల పిండి ఉంటది. విస్కీల ఏముంటది? నీ డైటుకు ఫికర్ లేదు" అన్నాడు. విచారిస్తే అది నిజమే. గోడమీది కాగితంలోనూ మద్యం పేరు లేదు. ఏడేళ్ల క్రితం మానేసినవాడి కోసం ఆ మాట రాయాలని కూతురికి తోచలేదు. ఆ రోజు నుంచి కొట్టంలో సాయంత్రం పితకడం అయ్యాక, దాణా గదిలో ఒక పెగ్గు. అన్నం లేని కడుపులో అదొక్కటే పూర్వపు మూడింటి పని చేసేది. తల తిరిగేది, చేతులు చెమర్చేవి. షేర్ ఆటోలో ఇల్లు చేరేవాడు.

మొదటి రోజే ఆండాలు పసిగట్టింది. ఆయన జవాబు వెతుక్కునేలోగా అమల కీటోన్ల గురించి చెప్పింది. కూతురు చెప్పింది నిజం. ఆయన ఆ నిజం వెనుకకు వెళ్లి నిలబడ్డాడు. మనిషి అబద్ధం వెనుక దాక్కుంటే ఎప్పుడైనా భయం వేస్తుంది. నిజం వెనుక దాక్కున్నవాడికి భయం కూడా వేయదు.

పది గంటలకు, నాలుగిళ్ల అవతలి స్వరూప గిన్నె పట్టుకుని వచ్చింది. ఇంట్లో మనుమరాలి అన్నప్రాశన.

"ఆండాలక్కా, పాలు విరిగినయి" అంది నెమ్మదిగా. "పాయసానికని పొయ్యి మీద పెట్టిన. ఇన్నేండ్లల్ల ఎన్నడు గిట్ల కాలే."

ఆమె గొంతులో కోపం ఉండి ఉంటే ఆండాలుకు సులువయ్యేది. ఆండాలు గిన్నె అందుకుని గడపమీద కూర్చుంది.

"వేరే పాలిస్త, ఉండత్తా" అంది అమల. తల్లి ముఖం చూసి ఆగింది. "ఏమైందమ్మా?"

"పొద్దున మూత తియ్యంగనే నాకు తెలిసింది. పులుపు పట్టినట్టే అనిపించింది."

"మరి మంచిదని ఎందుకన్నవ్?"

"ఇంట్ల లేని వాసన నాకొక్కదానికే వస్తున్నదంటిరి గదా. ముక్కే చెడిపోయిందేమో అనుకున్న. నెల సంది ప్రతి క్యాను కాడ రెండుసార్లు చూస్తున్న. రెండోసారి చూస్తే మొదటిది నమ్మబుద్ధి కాదు. ఇయ్యాల గూడ తప్పు నాదేనేమో అనుకున్న."

లోపలినుంచి వస్తున్న బాలనర్సింహ వాకిలి దగ్గర నిలిచిపోయాడు. తాగితే ఏమేం పోతుందో అప్పుడప్పుడు లెక్క వేసుకున్నాడు. కాలేయం, బరువు, ఇచ్చిన మాట. ఇది ఆ లెక్కలో లేదు. తను దాచింది ఒక పెగ్గు అనుకున్నాడు. దానిని దాచడానికి ఆండాలు తనమీద తాను పెట్టుకున్న నమ్మకాన్ని ఖర్చుపెట్టాడు.

"ఆండాలు ముక్కు చెడలే" అన్నాడు. "నేను తాగుతున్న. నెల సంది. దాణా గదిల."

స్వరూప తల దించుకుంది. "నేను మల్ల వస్త" అని కదలబోయింది.

"ఉండు స్వరూపా. నువ్వు గూడ వినాలె. మీ పాలు విరిగింది నా వల్ల."

అమల తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "అమ్మతోని నేను కొట్లాడుతుంటె నువ్వు పక్కన నిలబడి విన్నవా?"

"విన్న."

"నేను చెప్పిన మాటనే అడ్డం పెట్టుకున్నవా?"

"విస్కీల చక్కెర లేదు, డైటు చెడదు అనుకున్న బిడ్డా."

"డైటా? మందు లోపలుంటే ఒళ్లు ముందు దాన్నే కాలుస్తది, కొవ్వును ముట్టదు. అన్నం లేని ఒంట్ల షుగరు దబ్బున పడిపోతది. ఒకనాడు నువ్వు లెవ్వకపోతే, డైటు నీరసం, పండుకోనియ్యి అని అమ్మకు నేనే చెప్తుంటి. నేను రాసిన కాగితమే నిన్ను చంపుతుండె బాపు."



అమల పాలు పోసి స్వరూపను పంపింది. ఆండాలు అప్పటికీ గడపమీదనే ఉంది.

"తాగితే తాగినవ్" అంది భర్తతో. "అప్పట్ల గూడ తాగినవ్. తిట్టిన, ఏడ్చిన. కానీ ఏం జరుగుతున్నదో నాకు తెలుస్తుండె. ఈసారి నన్ను నాకే పరాయిదాన్ని చేసినవ్."

అమల వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "తప్పయిందమ్మా."

"నువ్వు చదివింది తప్పు గాదు బిడ్డా. నువ్వు చెప్పిన వాసన గూడ నిజమే. మందు వాసన దాంట్ల కలిసినంక నాకు గూడ తేడా తెల్వకుండ పోయింది."

"మరి బాపు తాగుతున్నడని రోజూ అంత గట్టిగ ఎట్ల అన్నవ్?"

"తాగిన పూట మీ బాపు నా మొఖం చూసి మాట్లాడడు. గోడ దిక్కు తిరిగి జవాబిస్తడు. పెండ్లయిన కాడికెళ్లి గంతే. ముక్కును అనుమానించిన గని, దాన్నెట్ల అనుమానిస్త?"

బాలనర్సింహ వచ్చి ఆమెకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "రేపు డాక్టరు కాడికి పోదాం. ముగ్గురం. నా నోటితోని నేనే చెప్త. నువ్వు ఎదురుంగ కూసో. ఏమన్న దాచితే నీకు తెలుస్తది."

ఆండాలు సరేననలేదు. ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపు కింద ఉండడం ఆయనకు కష్టంగానే ఉంది. అయినా కళ్లు పక్కకు పోనివ్వలేదు.

"గిట్లనే ఉండు కొంచెంసేపు" అంది ఆమె. ఆ తర్వాతే ఆమెకు ఏడుపు వచ్చింది.