ఉప్పుగాలికి నిలిచే ఉక్కు

రేపల్లె పాసింజర్ కూతలో తుపాకీ చప్పుడు కలిసిపోయింది. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఉక్కు శాస్త్రవేత్త జ్ఞానానందం గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

సోడాలమ్మే వేషంలో ఆయనకు కాపలా ఉన్న ఏజెంట్ బర్నబాస్ పరుగున వచ్చి ఆయన తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. జ్ఞానానందం ఒక చిన్న టెస్టింగ్ కిట్ అతని చేతిలో పెట్టాడు.

"రిబ్కా..." అన్నాడు. అదే ఆఖరి మాట.

చెవిలోని వైర్‌లెస్ పలికింది. "రిబ్కా విదేశీ ముఠా మనిషి. ఆ రైల్లోనే ఉంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. అరెస్ట్ చెయ్." చీఫ్ గొంతు అది.

బర్నబాస్ కదిలే రైలెక్కాడు. చివరి పెట్టెలో నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర. ఎదురుగా కూర్చుని రివాల్వర్ చూపించాడు.

"నన్ను పట్టుకున్నారు సరే. బాపట్ల రాడార్ టవర్‌ని ఎవరు పట్టుకుంటారండీ?" అంది రిబ్కా.

"ఏంటి నువ్వనేది?"

"రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ జ్ఞానానందం గారికి కబుర్లు పంపింది నేనే. ఆ సంగతి తెలిసింది ఆయనొక్కరికే. ఇందాక ఆయన్ని కాల్చింది ముఠావాళ్ళే. ఆ టవర్‌ది వెదరింగ్ స్టీల్. రాగి, క్రోమియం కలిపితే పైన పట్టిన తుప్పే గట్టిపడి లోపలి ఉక్కుని కాపాడుతుంది. కానీ సముద్రపు ఉప్పుగాలికి ఆ పొర నిలవదు. అందుకే ఆయన నికెల్ ఎక్కువ వేయించారు. ముఠా ఆ ఉక్కు పలకలు మార్చేసింది. వాళ్ళ వాటిలో నికెల్ లేదు, ఫాస్ఫరస్ మితిమీరి ఉంది. అది కాస్తయితే తుప్పుని ఆపుతుంది. ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కుతుంది. ఈ మధ్యాహ్నం యాంటెనా ఎక్కిస్తున్నారు. కుదుపు తగిలిందా, పెంకులా పగులుతుంది. కింద కూలీలుంటారు!"

"చూస్తే తెలియదా?"

"రెండూ ఒకటే ఇటిక రంగండీ. అసలు పలకలు రేపల్లెలో మూతబడ్డ రైస్ మిల్లులో ఉన్నాయి."

నమ్మితే మోసపోవచ్చు. నమ్మకపోతే మనుషులు పోవచ్చు.

రేపల్లెలో దిగి, మిల్లులో ఇద్దరూ చేతులతోనే ఊక తవ్వారు. పలకలు బయటపడ్డాయి. కిట్ మీద రాసి ఉన్నట్టే బర్నబాస్ ఒకదాన్ని గీకి, యాసిడ్ చుక్క వేసి, దాన్ని ఫిల్టర్ పేపర్ మీద అద్ది, కిట్‌లోని మందు వేశాడు. కాగితం మీద గులాబీ రంగు వలయం విచ్చుకుంది. నికెల్!

రిబ్కా ఊకలో కూలబడి ఏడ్చేసింది.

"పదండి," అన్నాడు బర్నబాస్. మొదటిసారి ఆమెను మీరన్నాడు.

వైర్‌లెస్ అందడం లేదు. పోస్టాఫీసు ఫోను మూగపోయింది. పలక ముక్కతో ఒక ఊకలారీ ఎక్కారు. డ్రైవరు ఎంత తొక్కినా దారి తరగడం లేదు.

బాపట్ల తీరం చేరేసరికి యాంటెనా క్రేన్‌కి వేలాడుతూ టవర్ మీదకు దిగుతోంది.

"ఆపండి!" బర్నబాస్ అరిచాడు.

"సోడాలమ్మేవాడు చెబితే ఆపాలా?" ఇంజనీరు హనుమంతరావు మండిపడ్డాడు.

బర్నబాస్ ఆగలేదు. టవర్ పలక మీద టెస్ట్ చేశాడు. గులాబీ రంగు రాలేదు.

"నీ మందే చెడిపోయిందేమోనయ్యా!"

సీసాలో ఒక్క చుక్కే మిగిలింది. రేపల్లె ముక్కను గీకి అద్దిన కొత్త కాగితం మీద దాన్ని వేశాడు. గులాబీ!

హనుమంతరావు ముఖం పాలిపోయింది. "కూలీలంతా బయటికి పొండర్రా! క్రేన్ పైకెత్తు!"

పైకి లేస్తూ యాంటెనా ఊగి టవర్‌కి తగిలింది. ఫెళ్ళుమని పలక పగిలింది. దూలం వచ్చి ఖాళీ ఇసుకలో దిగబడింది. అందరూ బతికారు.

రిబ్కా చెప్పిన గుర్తుల ప్రకారం, ముఠా నిజాంపట్నంలో పడవెక్కుతుండగా సాయంత్రానికి దొరికిపోయింది.

వైర్‌లెస్‌లో చీఫ్ మళ్ళీ పలికాడు. "రిబ్కా అరెస్టయిందా?"

బర్నబాస్ ఆమె వైపు చూశాడు.

"అయిందని చెప్పండి," అంది రిబ్కా ఇసుకలో వాలిపోతూ. "లాకప్పులోనైనా ఒక్క పూట కంటినిండా నిద్రపోతాను."