విడుపా, గెలుపా

పోటు ఆగి, నీరు వెనక్కు తీసే పాటు మొదలైన సంగతి చిట్టెమ్మ సరంగు నీళ్లను చూసి చెప్పబోయేలోపే, పడవ ముందు బల్ల మీద కూర్చున్న కమలాకర్ చెయ్యి చెప్పేసింది. అతను మాట మధ్యలో ఆపి, ఎడమ మణికట్టు పైకెత్తి, కళ్లు మూసుకుని చిన్నగా నవ్వాడు.

"చేప కదిలిందమ్మా. మడచెట్ల పొంటి సముద్రం దిక్కు వస్తున్నది. నీళ్లు సల్లగున్నయి."

"చల్లగా ఉన్నాయో ఏడిగా ఉన్నాయో నాకెందుకు బాబూ? ఏ పక్కనుందో చెప్పండి చాలు," అంది చిట్టెమ్మ.

"ఎడమ పక్క. ఆ వంగిన చెట్టు దగ్గర."

చిట్టెమ్మకు ఒళ్లు మండింది. తను కూడా ఆ వంగిన చెట్టే అనుకుంది. కానీ ఈ రోజుల్లో తను అనుకున్నది ఎవరికి కావాలి? వెనక ఇంజను దగ్గరున్న తమ్ముడి పెళ్లాం పోలేశ్వరికి చేత్తో సైగ చేసింది. పడవ చప్పుడు లేకుండా ఎడమకు తిరిగింది.

కోరింగ మడ అడవుల్లోని చిన్నమొగ పాయ మీద షికారు పడవలు నడిపే సరంగుల్లో సంగాడి చిట్టెమ్మది మొదటి పేరు. ఇది ఊరికే మాట వరసకు అన్నది కాదు. ఏటా శ్రావణంలో జరిగే మొగపందెంలో అన్నిటికన్నా పెద్ద పండుగప్ప చేపను పట్టిన పడవకు ఎర్రజెండా కడతారు. మళ్లీ పందెం దాకా మిగతా పడవలన్నీ ఆ పడవ వెనకే మొగ దాటి సముద్రంలోకి వెళ్లాలి. ఆ జెండా చిట్టెమ్మ పడవ ఎక్కింది కానీ దిగడం మరిచిపోయింది. కొత్తగా పనిలో చేరిన సరంగులు అది పడవతోపాటే తయారైందనుకునేవారు. తన గాలానికి తగిలిన చేప ఒక్కటి కూడా తప్పించుకుపోలేదని ఆమె రేవులో అనేది. విన్నవాళ్లు అవునని తలూపేవారు. ఆ తలూపడమంటే చిట్టెమ్మకు చెప్పలేనంత ఇష్టం.

ఇవాళ్టి పందెంలో ఆ జెండాకే ముప్పొచ్చింది. పొద్దున్నే ఓలేటి సింహాద్రప్ప పడవవాళ్లు పెద్ద పండుగప్పను పట్టి గట్టు మీద తూయించేశారు. దాన్ని మించిన చేప చిన్నమొగలో ఒక్కటే మిగిలింది. అది కమలాకర్ చేతిలో మెదులుతున్న చేప.

జతనాడి వచ్చి ఒక తరం దాటింది. ఆవగింజంత నాడిగింజను ఒక ప్రాణిలో నాటి, దాని జతపట్టీని మనిషి మణికట్టుకు కడితే ఆ ప్రాణి ఒంట్లో జరిగేది ఈ మనిషి చేతికి తెలుస్తుంది. మొదట్లో దాన్ని ఆసుపత్రుల్లో వాడేవారు. ఆ తర్వాత తల్లులు పట్టుకున్నారు, తర్వాత పాడి రైతులు, తర్వాత కొత్తగా పెళ్లయినవాళ్లు. ఇప్పుడు పట్టీ లేని చెయ్యి కనపడితే జనం జాలిగా చూస్తారు. ఇందాక రేవులో టీ కొట్టు నడిపే ఆవిడ గ్లాసు కడుగుతూ కడుగుతూ మణికట్టు తడుముకుని, "లేచాడు మావోడు" అంటూ ఇంటికి పరుగెత్తితే అక్కడున్నవాళ్లలో ఎవరూ తలెత్తి చూడలేదు. చిట్టెమ్మ మాత్రం ఏ పట్టీ కట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "నా ఒంట్లో గోల నాకు చాల్లే" అనేది.

షికారు వేటను ఈ జతనాడి పూర్తిగా మార్చేసింది. ఎక్కడో ఊళ్లలో ఉన్నవాళ్లు చేపపిల్లగా ఉన్నప్పుడే ఒక పండుగప్పతో జతకడతారు. పిల్లను మడల్లో వదిలిపెడతారు. అది ఈదుతుంటే, వేటాడుతుంటే, వరద నీటికి ఎదురెక్కుతుంటే వీళ్లు ఆఫీసుల్లో, వంటిళ్లలో కూర్చుని మణికట్టు దగ్గర ఆ కదలికను అనుభవిస్తుంటారు. చేప ఎదిగాక ఒకరోజు మొగకు వచ్చి, సరంగు సాయంతో దాన్ని పట్టి, కళ్లారా చూసి, నాడిగింజ తీయించి సముద్రంలోకి వదిలేస్తారు. దాంతో జత తెగిపోతుంది. గాలం నొప్పి మనిషికి తెలియకుండా పట్టీలో నొప్పిజల్లెడ ఉంటుంది. చేప బలం, చలి, దిక్కు, ఈ మూడే చేతికి వస్తాయి. చేప ఎక్కడుందో వేటగాడి చేతికే తెలుస్తుంది కాబట్టి ఇక ఎవరూ ఒట్టి చేతులతో తిరిగి వెళ్లరని దీన్ని తయారుచేసినవాళ్లు హామీ ఇచ్చారు.

కమలాకర్ హైదరాబాదులో ఆకాశహర్మ్యాల లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నాలుగేళ్లుగా ఈ చేపతో జతలో ఉన్నాడు. పండుగప్పలు మగవిగా పెరిగి, ఈడొచ్చాక ఆడవిగా మారతాయి. అందుకని అతను మొన్నమొన్నటి దాకా బుల్లోడని పిలిచిన చేపను ఇప్పుడు బుల్లెమ్మ అంటున్నాడు.

"దొరికినంక జత తీసేస్తరు కదమ్మా," అన్నాడు, గాలపు కర్ర పట్టుకుని నీళ్లకేసి చూస్తూ.

"మరి తియ్యరేంటి? చూడాలనే కదా ఇంత దూరం వచ్చారు."

"చూడాలె. ఒక్కసారన్న చూడాలె," అన్నాడు.

రొయ్య ఎరను వంగిన చెట్టు వేళ్ల పక్కగా వదిలారు. తాడు నీళ్లలో కాసేపు ఊరికే ఉంది. ఉన్నట్టుండి కమలాకర్ బల్ల మీంచి ఎగిరి లేచాడు.

"తాకింది! నన్ను... కాదు, దాన్ని!"

రీలు గిర్రున తిరిగింది. గట్టు మీద జనం కేకలేశారు. పందెం రోజున ఏ పడవ గాలానికి చేప తగిలితే ఆ చేప నాడిని వేడుక చూడవచ్చిన వాళ్లందరి పట్టీలకూ కలుపుతారు. దాన్ని ఊరుజత అంటారు. రేవు పొడుగునా నిలబడ్డ వందల చేతులు ఒక్కసారి అదిరాయి.

"చుట్టండి బాబూ, చుట్టండి! వేళ్లలోకి దూరనియ్యకండి!"

కమలాకర్ చుడుతున్నాడు. కానీ చేప ఎటు లాగితే అతని ఎడమ చెయ్యి కూడా అటే పోతోంది. కుడిచెయ్యి తాడు చుడుతుంటే ఎడమచెయ్యి కర్రను చేపకు అనువుగా తిప్పుతోంది. చిట్టెమ్మ రెండు మూడుసార్లు చూసి, నడుం మీద చెయ్యేసుకుంది.

"బాబూ, అసలు మీరెవరి పక్కండీ?"

"తెలుస్తలేదమ్మా," అన్నాడు అతను. అబద్ధం ఆడే మనిషి కాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వుంది. "ఎంత బలమున్నదో నీకు తెల్వది. గింత పిల్లగున్నప్పటి సంది నా చేతిల మెదులుతున్నది. గింత బలం ఎప్పుడొచ్చిందో!"

వేటకొచ్చిన మనిషి చేతులెత్తేస్తే సరంగు కర్ర అందుకోవచ్చు. చిట్టెమ్మ అందుకుంది. తాడు బరువు అరచేతికి తగలగానే ఆమె మొహం మారిపోయింది. పొద్దుట్నుంచీ ఉన్న చిరాకు ఎటు పోయిందో పోయింది. పాదాలు రెండూ పడవ పక్కలకు తన్నిపెట్టి, నడుం వెనక్కు వాల్చి, చేపను వేళ్ల నుంచి ఈవలకు లాగింది.

బుల్లెమ్మ నీళ్లు చీల్చుకుని పైకెగిరింది. వెండిలా మెరిసి, నోరంతా తెరిచి, తల విదిలించింది. ఆ క్షణానే చిట్టెమ్మ కర్ర కొసను నీళ్లదాకా వంచింది. చిన్నమొగ సరంగులు దాన్ని దండం పెట్టడం అంటారు. పండుగప్ప ఎగిరినప్పుడు తాడు బిగువుగా ఉంటే అది తల విదిలించే జోరుకు పుటుక్కున తెగుతుంది. కాబట్టి కర్ర వంచి, తాడు వదులు చేసి, చేప తిరిగి నీళ్లలో పడగానే మళ్లీ బిగించాలి. ఎంత గొప్ప సరంగైనా చేప ఎగిరితే తల వంచాల్సిందే. చేప పడింది, చిట్టెమ్మ బిగించింది. గట్టు మీద పెద్ద హోరు లేచింది. ఆమె మెడ నిక్కించింది.

రెండోసారి ఎగిరినప్పుడు కూడా హోరు లేచింది. కానీ తను తాడు చుట్టి చేపను దగ్గరకు లాగుతున్నప్పుడు గట్టు మీంచి ఒక మూలుగు వినపడింది. చిట్టెమ్మ తిరిగి చూసింది. తన ఊరి జనమే, తన చేతి వేట చూస్తూ పెరిగినవాళ్లే, మణికట్లు గుండెలకు హత్తుకుని చేపతోపాటు అటూ ఇటూ ఊగుతున్నారు. టీ కొట్టు ఆవిడ అయితే, "లాగవే తల్లీ, లాగు!" అని అరుస్తోంది. ఆ మాట తనతో కాదని చిట్టెమ్మకు అర్థమైంది. తల తీసేసినట్టయింది.

"వదినా, దగ్గరకొచ్చేత్తంది!" అంది పోలేశ్వరి చేతివల పట్టుకుని వంగి.

చిట్టెమ్మ పళ్లు బిగించింది. జనం ఎవరి పక్కనుంటే తనకేం? జెండా తనది, చేప తనది. మరో రెండు చుట్లు. నీళ్లలో చేప ఒళ్లు కనపడింది, వల చాచితే అందేంత దూరంలో. అప్పుడే అది మూడోసారి ఎగిరింది. చిట్టెమ్మ దండం పెట్టింది.

ఆమె వేటలో ఎగిరిన ప్రతి పండుగప్పా పడవకు దూరంగానే పడింది. బుల్లెమ్మ మాత్రం గాల్లో ఒళ్లు తిప్పి పడవ వైపే పడింది. వదులైన తాడంతా దాని మీదే పడింది. చిట్టెమ్మ బిగించేలోపు పడవ అడుగు నుంచి అవతలికి దూసుకుపోయింది. కత్తిలాంటి మొప్ప రేకు తాడుకు అడ్డం పడింది. చేతిలో బరువు లేదు. తెగిన తాడు గాలికి ఆడుతోంది.

పోలేశ్వరి వల అలాగే పట్టుకుని ఉండిపోయింది. కమలాకర్ మణికట్టును చెంపకు ఆనించుకుని కూర్చున్నాడు.

"పోతున్నది. సముద్రం దిక్కే. నీళ్లు ఇంకింత సల్లగైతున్నయి," అన్నాడు.

పడవ గట్టు చేరేసరికి పందెం పెద్ద ధనంజయుడు ఎదురొచ్చి నిలబడ్డాడు. చిన్నమొగలో ఒక పాత ఆచారం ఉంది. చేప వలకు అందేంత దగ్గరకు వచ్చాక సరంగు మనసు కరిగి, కర్ర వంచి, కావాలని వదిలేస్తే దాన్ని విడుపు అంటారు. విడుపు చేసిన చేప పట్టినదానికిందే లెక్క. అది విడుపో కాదో చెప్పాల్సింది సరంగే. ఇంకెవరి మాటా చెల్లదు. పట్టీ చేప సంగతి చెబుతుంది కానీ మనిషి మనసు సంగతి చెప్పలేదు కదా.

"వలకు అందేంత దూరంలోనే ఉంది. కర్ర వంచడం అందరం చూశాం," అన్నాడు ధనంజయుడు. పందెం కోసం పొద్దున ఆమె పడవ నుంచి విప్పించిన ఎర్రజెండా ఆయన చేతిలో రెపరెపలాడుతోంది. "అడగడం ఆచారం కాబట్టి అడుగుతున్నాను. విడుపే కదా చిట్టెమ్మా?"

పోలేశ్వరి ఆమె చెవిలో గొణిగింది. "అవుననెయ్ వదినా. గట్టు మీంచి అలాగే కనపడి ఉంటది. నీ చేతిలోంచి చేప పోయిందంటే ఎవరు నమ్ముతారు?"

నిజమే. అవును అనే ఒక్క మాట చాలు. జెండా ఉంటుంది, చేప తప్పించుకోని సరంగన్న పేరుంటుంది, పైగా జాలి గుండె అన్న పేరు కూడా కలుస్తుంది. చిట్టెమ్మ నోరు తెరిచింది. అంతలో కమలాకర్ ఆమె ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"నువ్వే వదిలినవా అమ్మా? తాడు వదులైంది, నాకు తెలిసింది. నీ రుణం ఉంచుకోను."

మాటలో కృతజ్ఞత ఉంది. కానీ మొహంలో ఇందాకటి వెలుగు లేదు. చిట్టెమ్మ అతన్ని చూసింది, అతని వెనకున్న జనాన్ని చూసింది. అందరి మొహాలూ అలాగే ఉన్నాయి, మొక్కుబడిగా నవ్వుతూ. సరంగమ్మ దయతలచి వదిలేసింది. అంతే కదా. ఇందాక వాళ్ల చేతుల్లో పొంగిన బలం ఒక ముసలిదాని జాలి వల్ల బతికిందన్నమాట.

చిట్టెమ్మకు ఆ పడవలో జరిగిందంతా మళ్లీ అరచేతుల్లో మెదిలింది. ఎంత చేప అది! గాల్లో ఎలా తిరిగింది! ఆ తిరగడం తన జన్మలో చూడలేదు. అంత చేపను ఎదుర్కొన్నానని చెప్పుకోకుండా జాలిపడ్డానని చెప్పుకోవడమా?

"విడుపు కాదు," అంది.

ధనంజయుడికి వినపడలేదనుకుని గొంతు పెంచింది. "విడుపు గిడుపు ఏంటండీ? నేనెప్పుడైనా చేపను వదిలానా? ఒళ్లు విరుచుకుని లాగాను. దండం పెట్టాను, అదే అదునని నా పడవ కిందకు దూరి, తాడు కోసుకుని పోయింది. నన్ను ఓడించి పోయింది. సంగాడి చిట్టెమ్మను ఓడించింది, రాసుకోండి!"

రేవులో లేచిన కేకకు మడల్లోని కొంగలన్నీ గాల్లోకి లేచాయి. కమలాకర్ ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లను వాటేసుకుని, "మా బుల్లెమ్మ! విన్నరా? మా బుల్లెమ్మ!" అంటూ తిరిగాడు. వాళ్లు కూడా తమ ఇంటి పిల్ల పరీక్షలో నెగ్గినంత గర్వంగా అతని భుజాలు చరిచారు. చేప ఎక్కడుందో తెలిస్తే పట్టడం తేలికవుతుందని జతనాడి చేసినవాళ్లు లెక్కేశారు. చేప బలం చేతికి తెలిసినవాడు చేప పక్కన నిలబడతాడని వాళ్ల లెక్కల్లో ఎక్కడా లేదు.

ఎర్రజెండా సింహాద్రప్ప పడవకు కట్టారు. చిట్టెమ్మకు కడుపులో కాలింది, కాలలేదంటే అబద్ధం. అయినా తల దించలేదు. అంత చేపతో ఓడినందుకు ఆమెకు ఎన్నడూ లేనంత గర్వంగా ఉంది. ఆ గర్వాన్ని ఎక్కడ దాచాలో తెలియక పడవలో నీళ్లు తోడుతూ కూర్చుంది.

తలెత్తి చూస్తే ఎదురుగా జనం. వచ్చే ఏడాది వేటకు రావాల్సినవాళ్లు, ఎవరి జతపట్టీ వాళ్లు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు.

"మా చేపను కూడా మీ పడవ మీదే వేటాడతామండి," అంది ముందున్న రాజమండ్రి ఆవిడ.

చిట్టెమ్మకు కోపం ముక్కు మీదకొచ్చింది. "ఇవాళ పోయింది కాబట్టి రేపు మీది కూడా పోనిత్తాననుకుంటన్నారా? నేను వదల్ను. ముందే చెబుతున్నాను, చచ్చినా వదల్ను."

"ఆయ్, మీరొదలరనేనండి వచ్చాం," అంది ఆవిడ మణికట్టు నిమురుకుంటూ. "ఇంకొకరి చేతిలోంచి తప్పించుకుంటే మా చేపకు ఏం గొప్పండి?"

చిట్టెమ్మ పోలేశ్వరి చేత కొత్త తాడు తెప్పించి, ఇంతకు ముందుదాని కంటే గట్టిది చూసి, రీలుకు చుట్టడం మొదలుపెట్టింది.