శిరివెళ్లలో దొరకని వజ్రాలు

శిరివెళ్ల రైతు రంగయ్య తన జొన్నచేలో బోర్లా పడి ఉన్నాడు. వీపులో తూటా దిగింది. 1957 వానాకాలం.

వేరుశనగ వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ కృపావరం శవాన్ని వెల్లకిలా తిప్పాడు. మద్రాసు బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పింది చెవుల్లో మోగింది.

"హార్ట్‌మన్ ముఠా ఆఫ్రికాలో దొంగిలించిన ముడి వజ్రాల్ని మన దేశంలోకి తెస్తోంది. వానలకి రాయలసీమ చేలల్లో బయటపడ్డాయని రైతులచేత చెప్పించి దర్జాగా అమ్ముతోంది. వచ్చిన సొమ్ము సరిహద్దు అవతల తుపాకులవుతోంది."

"ల్యాబ్ టెస్ట్ సార్?"

"అయింది. ఏ నేలలో పుట్టిందో రాయి చెప్పదట. మనిషే చెప్పాలి."

చెప్తానని కృపావరానికి మాటిచ్చిన మనిషి రంగయ్య.

అతని భార్య ఓబులమ్మ ఏడవలేదు. "నీతో మాట్లాడినందుకే సంపినారు గదప్పా?"

"అవునమ్మా."

ఆళ్లగడ్డ హోటల్లో నల్ల కళ్లద్దాల యువతి ఎదురు కుర్చీలో కూర్చుంది. పట్టుచీర, ఎర్రటి పెదవులు. దెబోరా. హార్ట్‌మన్‌కి దుబాసీ, మనకి డబుల్ ఏజెంట్.

"కాయ తడిసిందా?" కోడ్ అడిగాడు కృపావరం.

"ఎండబెట్టినాం. రంగయ్య బదులు చాగలమర్రి రైతును కొన్నారన్నా. సాయంత్రం రాళ్లు నంద్యాలలో రైలెక్కుతాండాయి."

"ఆఫ్రికావని రుజువు చేయలేం..." సిగరెట్ వేళ్లని చురుక్కుమనిపించింది. "కానీ, రంగయ్య చేలోవి కావని వాడూ రుజువు చేయలేడు!"

వెంటనే ఓబులమ్మ దగ్గరికెళ్లి సంగతి చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. "మా చేలో ఎప్పుడూ ఒక్క రాయీ దొరకల్యా గదప్పా."

"తెలుసు. దొంగసాక్ష్యమే."

"చెప్తా. వాడు సావాల."

నంద్యాల స్టేషన్. గార్డు విజిల్ వేశాడు. హార్ట్‌మన్ మెట్టు మీద కాలు పెట్టగానే ఓబులమ్మ అతని సంచీ పట్టుకుని వేలాడింది.

"ఇవి నా మొగుని రాళ్లు! వాన్ని సంపి ఎత్తకపోతాండారు!"

మఫ్టీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ సంచీ విప్పించాడు. హత్య మాట వినగానే హార్ట్‌మన్ వెంట వచ్చిన చాగలమర్రి రైతు రెండడుగులు వెనక్కి వేశాడు. "నావి గాదు సామీ, నాకేం తెల్దు!"

"మరి యాడివో నువ్వే చెప్పు దొరా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

దెబోరా అనువదించింది. ఆఫ్రికావంటే స్మగ్లింగ్. శిరివెళ్లవంటే ఉరి. హార్ట్‌మన్ పిస్టల్ తీసి ఓబులమ్మకి గురిపెట్టాడు. దెబోరా చేతిలో లిప్‌స్టిక్ గొట్టం టప్పుమంది. అతని మణికట్టు చిట్లి పిస్టల్ పట్టాల మీద పడింది.

రాళ్లు శిరివెళ్లవేనని కోర్టు తేల్చింది. హార్ట్‌మన్‌కి ఉరిశిక్ష వేసింది. రాళ్లు సర్కారు ఖజానాకి పోయాయి.

మరుసటి వానలకి కృపావరం శిరివెళ్ల వచ్చాడు. ఎక్కడెక్కడి జనమో ఓబులమ్మ చేను తవ్వుతున్నారు. మొలిచిన జొన్న మొత్తం మట్టిపాలైంది.

"ఈడ రాళ్లు ల్యావని చెప్పప్పా వాళ్లకు," అందామె.

"అప్పీలు నడుస్తోందమ్మా. చెప్తే వాడు బయటికొస్తాడు."

ఓబులమ్మ మట్టిలోంచి ఒక జొన్న మొలకని ఏరి గట్టున పెట్టింది. "అయితే తవ్వనీ," అంది.

ఇంతలో గట్టు పక్కన సర్కారు జీపు ఆగింది. ముగ్గురు భూగర్భ నిపుణులు దిగి, ఎక్కడ తవ్వితే బాగుంటుందని కృపావరాన్నే సలహా అడిగారు.