వరసలో బుల్లమ్మ చోటు

మా మాంగనీసు గనిలో వానాకాలం పని తవ్వడం కాదు, బురదకి కాపలా కాయడం. గుట్టలుగా పోసిన మట్టి వానకి కరిగి కిందికి దిగుతుంది. దాన్ని ఆపడానికి పెద్ద గుంట తవ్వి, చుట్టూ గట్టు వేశారు. బురద అడుగున పేరుకుంటే, తేరిన నీళ్లు తూములోంచి గెడ్డలోకి, అదే వాగులోకి, పోతాయి. గట్టు తెగిందంటే ఆ నల్ల బురదంతా కిందున్న వరిచేల మీద పడుతుంది. అందుకని గట్టు ఎక్కడ కారినా ఆడవాళ్లం వరసగా నిలబడి ఇసక బస్తాలు చేతి నుంచి చేతికి అందిస్తాం. వరసలో ఎవరి చోటు వారిది. పక్కమనిషి మొహం చూసే తీరిక ఉండదు, చేతులే చూస్తాం.

పైన బస్తాల కుప్ప దగ్గర గురమ్మత్త, తరవాత మా తోటికోడలు బుల్లమ్మక్క, ఆ తరవాత నేను. పోయినేడు వానల్లో బుల్లమ్మక్క ఆ గుంటలోకి జారిపోయింది. పొక్లెయిన్ పెట్టి తోడించారు, దొరకలేదు. శవం లేదు కనక దినమూ చెయ్యలేదు. వరసలో ఆవిడ చోటులో ఎవర్నీ నిలబడనివ్వలేదు నేను. గురమ్మత్త ఓ అడుగు కిందికి, నేను ఓ అడుగు పైకి వేసి బస్తా మార్చుకునేవాళ్లం. పిల్లలు లేని మనిషి బుల్లమ్మక్క, నా కూతురు ఈశ్వరిని పెంచింది ఆవిడే. ఈశ్వరి వారం రోజులు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. లోపల తిమ్మిరెక్కినట్టు అలా ఉండిపోయింది, అంతే.

మొన్న తుఫాను రోజు మధ్యాహ్నానికే చీకటి కమ్మేసింది. గట్టు కారుతోందని మేస్త్రీ అప్పలసూరి కేకేశాడు. తూముకి చెత్త అడ్డం పడకుండా తీసే పని ఆ రోజు ఈశ్వరిది. సరిగ్గా గట్టు కింద. గట్టు తెగితే ముందు పోయేది నా పిల్లే. ఆ సంగతి తెలుసు. తెలిసినా గుండె దడైనా రాలేదు, చేతులు మాత్రం ఆడాయి.

అందరం నెత్తి మీంచి ప్లాస్టిక్ సంచులు కప్పుకున్నాం. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. తడి మట్టి వాసన... అందులోనే పాత బురద వాసన, గుంట అడుగు కెలికితే లేచేది. బస్తా వచ్చింది. అందుకున్నాను. కిందికిచ్చాను. మరో బస్తా. కాసేపటికి తెలిసింది, నేను పైకి అడుగు వెయ్యడం లేదని. గురమ్మత్తే దగ్గరకి జరిగిందనుకున్నాను. బస్తాలు నల్లగా, చల్లగా ఉన్నాయి. ఇచ్చే చేతులూ అంతే...

"పిల్లేదే?" పై పక్క నుంచి గుసగుసగా వినిపించింది.

"కింద. తూము కాడ."

బస్తా. మరో బస్తా.

"బయమేస్తాది దానికి. రేపట్నించి నా పక్కనెట్టు."

"సర్లే," అన్నాను.

గట్టు నిలిచింది. ఈశ్వరి తడిసి ముద్దై పైకొచ్చింది. సంతోషించాల్సిన సంగతే. ఇంటికెళ్లి ఇద్దరం గంజన్నం తిన్నాం.

మర్నాడు ఎండ కాసింది. గట్టుని ఇంకాస్త బలంగా కట్టాలని మేస్త్రీ మళ్లీ వరస కట్టమన్నాడు. గురమ్మత్తకి మాటిచ్చాను కదా, ఈశ్వరిని ఆవిడ పక్కన, బుల్లమ్మక్క చోటులో నిలబెట్టాను. పైన కుప్ప దగ్గర మనిషి సంచి కప్పుకునే ఉంది. ఇంత ఎండలోనూ ఆ సంచి తియ్యదేం, గురమ్మత్త చాదస్తం గురమ్మత్తది అనుకున్నాను. బస్తాలు వస్తున్నాయి. పని సాగుతోంది.

కింద బాట మీంచి ఎవరో క్యారేజీ ఊపుకుంటూ వస్తున్నారు. దగ్గరకొచ్చాక పోల్చుకున్నాను. గురమ్మత్త.

"ఒలే చిన్నతల్లీ, ఆ పిల్లనెందుకెట్టినావక్కడ? ఎవులు సెప్పినారు?"

"నువ్వే కదత్తా. నిన్న వానలో..."

"నిన్న నానెక్కడొచ్చినాను? గెడ్డ పొంగిపోనాది. దాటనేక ఇంటికాడే ఉండిపోనాను."

వెనక్కి తిరగాలి. పిల్లని లాక్కుని పరిగెత్తాలి. ఏడాది తరవాత నాలో మొదటిసారి ఏదో కదిలింది. భయం. కాళ్లు మాత్రం కదల్లేదు.

"అమ్మా, పట్టు," అంది ఈశ్వరి గొంతు, రోజూలాగే.

అలవాటుగా చేతులు చాచాను. బస్తా పడింది. చల్లగా... నల్లగా... తల ఎత్తలేదు. ఇచ్చిన చేతులు చూశాను. ఈశ్వరివి కావు.

నిన్నటివే.