సులభాబాయి పేరున ఇల్లు

మిరజ్‌లో స్టేషన్ దగ్గర మేడమీది ఆ అద్దె ఇంట్లో పొద్దున్నే అటుకులతో పోహే చేసే వంతు వసంత్‌రావు మగ్దూంది. ఉద్యోగం ఉన్నంతకాలం సర్కారు బస్సు నడిపిన మనిషి, పొయ్యి దగ్గర కూడా స్టీరింగు పట్టుకున్నంత జాగ్రత్తగా నిలబడతాడు. సులభ కుర్చీలో పేపరు చదువుతూ, మధ్యమధ్యలో తల ఎత్తకుండానే, "ఆవాలు చిటపటలాడాయా?" అని అడుగుతుంది. బడిలో మరాఠీ చెప్పి రిటైరైన ఆమెకు ప్రశ్నలు వేయడం ఇంకా పోలేదు. ఆమె రోజూ తాస్‌గావ్ బడికి ఎక్కిన బస్సు ఆయనదే. ఇద్దరూ జోడు పోయి ఒంటరిగా మిగిలినవాళ్లు. రెండేళ్ల క్రితం పెళ్లి చేసుకున్నారు. ఇప్పటికీ ఆయన, బడిపిల్లలు టీచరును పిలిచినట్టు, ఆమెను "బాయీ" అనే పిలుస్తాడు.

ఆ రోజు పోహే దించకముందే విశ్వనాథ్ ఖోత్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పాలకోవా పేడాల డబ్బా. వీళ్లు కొంటున్న ఇల్లు ఆయనదే. చిన్న పెంకుటిల్లు, వెనక బావి, పక్కన రెండు జామచెట్లు. అగ్రిమెంటు రిజిస్టరు చేయించి, అడ్వాన్సు ఇచ్చి, సేల్ డీడు కోసం ఎదురుచూస్తున్నారు.

"రండి ఖోత్‌సాహెబ్, రిజిస్ట్రేషన్ ఇంకా వచ్చే నెల కదా, ముందే స్వీట్లా?" అన్నాడు వసంత్‌రావు. అనడంతోపాటే ఒక పేడా నోట్లో వేసుకున్నాడు.

"అది కాదు మగ్దూం. తినండి. తిన్నాక చెప్తాను."

"ఆయన రెండోది తినకముందే చెప్పండి," అంది సులభ.

ఖోత్ తల వంచుకుని, వదినను పిలిచినట్టు 'వహినీ' అంటూ సులభతో చెప్పాడు. "మా అబ్బాయి ఒప్పుకోవట్లేదు వహినీ. మీ అడ్వాన్సు మీకు తిరిగిచ్చేస్తాను. బ్యాంకు వడ్డీ కూడా కలిపిస్తాను. మనసులో ఏం పెట్టుకోకండి."

"మీవాడికి ఏం నచ్చలేదు? మేమా, మా డబ్బా?"

"వాడికో బిల్డరు దొరికాడు. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతాడట. మీరిచ్చేదానికన్నా బాగా ఎక్కువిస్తానంటున్నాడు."

"సంతకం మీది కదా?"

"నాదే. కానీ ముసలితనంలో నన్ను చూసేది వాడే కదా."

సులభ డబ్బాకు మూతపెట్టి ఆయన చేతిలోనే పెట్టింది. "ఒకటి తగ్గింది, ఏమనుకోకండి," అంది. ఖోత్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

ఆయన మెట్లు దిగాక వసంత్‌రావు పొయ్యి ఆర్పాడు. "పోనీ బాయీ, డబ్బు తెచ్చేసుకుందాం. మా అన్నయ్యకు పొలం గొడవతో కోర్టు చుట్టూ తిరిగి తిరిగి జుట్టంతా తెల్లబడింది."

"మన జుట్టు ఎప్పుడో తెల్లబడింది. కొత్తగా పోయేదేం లేదు. చొక్కా మార్చుకోండి."

లాయరు రోహిణీ చౌగులే ఒకప్పుడు సులభ దగ్గర చదువుకున్న పిల్ల. గుమ్మంలో టీచరును చూడగానే లేచి నిలబడింది. ఎదురుగా కూర్చున్న క్లయింటు కంగారుపడి తనూ లేచాడు.

అగ్రిమెంటు రెండుసార్లు చదివి రోహిణి అంది, "మనసు మారిందంటే కుదరదు బాయీ. కాగితం రిజిస్టరయింది, అడ్వాన్సు ముట్టింది. మీరు తలచుకుంటే అడ్వాన్సు వెనక్కి తీసుకుని, జరిగిన నష్టానికి పరిహారం అడగొచ్చు. అక్కర్లేదు, ఇల్లే కావాలంటే, మాట ప్రకారం మాకే రాసివ్వమని దావా వేయొచ్చు. అది తేలేదాకా ఇంకెవరికీ అమ్మకుండా కోర్టుతో ఆపించొచ్చు కూడా."

"నాకు ఇల్లే కావాలి."

"అయితే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మిగతా డబ్బు కట్టడానికి మొదటినుంచి చివరిదాకా మీరు సిద్ధంగా ఉన్నారని కోర్టుకు చూపించాలి. తప్పు వాళ్లదే అయినా, మన చేతిలో డబ్బు లేదంటే ఇల్లు దక్కదు. ముందు నోటీసు పంపుదాం."

నోటీసు వెళ్లింది. జవాబు రాలేదు. చిక్కు మాత్రం బ్యాంకులో వచ్చింది. మిగతా డబ్బుకు బ్యాంకు ఇస్తానని ఒప్పుకున్న లోను గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. మళ్లీ ఇవ్వాలంటే, ఈ వయసులో, సంపాదించే మనిషి ఎవరైనా జతగా సంతకం పెట్టాలి. సులభకు ఉన్నది ఒక్క కూతురు ముగ్ధ. పెళ్లయి కొల్హాపూర్‌లో ఉంటోంది, అక్కడే ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం. తల్లి రెండో పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయిన పిల్ల. వసంత్‌రావును నాన్న అనదు, బాబాయిని పిలిచినట్టు 'కాకా' అంటుంది. ఆమెను అడగడానికి సులభకు నోరు రాలేదు.

ఫోన్ చేసింది వసంత్‌రావు. తల్లికి సర్దిచెప్పి కోర్టు మానిపిస్తుందని ఆయన ఆశ. ఆదివారం పొద్దున ముగ్ధ వచ్చేసింది.

"ఆయీ, నీకేమైనా పిచ్చా? ఆ డబ్బు తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్. గది ఖాళీగానే ఉంది."

"మరి ఈయన?"

ముగ్ధ ఒక్క క్షణం ఆగి, "కాకా కూడా," అంది.

"ఆ 'కూడా' వినబడిందమ్మా, సంతోషం," అన్నాడు వసంత్‌రావు.

"మీరు నవ్వులాటలో పెట్టకండి కాకా. ఈ వయసులో పెళ్లన్నారు, సరే అన్నాను. ఇప్పుడు ఇల్లంటున్నారు. ఇల్లు రాకముందే కోర్టంటున్నారు. అమ్మ రిటైరైతే వచ్చిన డబ్బంతా అందులో పోస్తోంది. రేపు అది ఎవరిదవుతుంది? నేను అడక్కూడదా?"

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఎవరూ లేవలేదు. సులభ గొంతు పెద్దది చేయలేదు.

"అడగొచ్చు. అగ్రిమెంటులో పేరు నాదొక్కదే. ఇద్దరి పేర్లూ రాయిద్దామని నేనంటే, వద్దని మొండికేసింది ఈయన. తన డబ్బు కూడా తెచ్చి నా డబ్బులో కలిపి, పేరు మాత్రం నాదే ఉండాలన్నారు."

ముగ్ధ ఆయన వైపు చూసింది. వసంత్‌రావు చెవి గోక్కున్నాడు. "ఇన్నేళ్లు బస్సు నడిపానమ్మా, అది నా పేరున ఉందా ఏంటి? ఇల్లూ అంతే. నన్ను ముందు సీట్లో కూర్చోనిస్తే చాలు."

నవ్వొచ్చినా ముగ్ధ ఆపుకుంది. సులభ ఇంకా ముగించలేదు.

"మా నాన్న ఇంట్లో పెరిగాను. మీ నానమ్మ ఇంట్లో కాపురం చేశాను. తర్వాత స్కూలు వాళ్ల క్వార్టర్సు. మీ నాన్న పోయాక అద్దె కొంపలు. ఎక్కడా గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో ఒకరిని అడగాల్సిందే. నీ ఇంట్లో ఉంటే నువ్వు వద్దనవు, తెలుసు. కానీ నేను అడుగుతాను ముగ్ధా. అడక్కుండా ఉండలేను. ఒక్కసారి ఎవర్నీ అడగని ఇంట్లో ఉండాలనిపించింది. ఆ ఖోత్‌గారు పేడాల డబ్బా పట్టుకొచ్చి, ఆ ఇంటిని తీసేసుకుంటానంటే ఎలా ఊరుకోను?"

ముగ్ధ లేచింది. వంటింట్లోకి వెళ్లి కుక్కరు దించింది. సింకులో ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోమినవే మళ్లీ తోముతుంటే వసంత్‌రావు గుమ్మం దగ్గరికి వెళ్లాడు. "అది నా చాయ్ గిన్నెమ్మా. దాని రంగే నలుపు, ఎంత తోమినా రాదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఇవతలికి వచ్చింది. "బ్యాంకు రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అంది. "నా జీతం కాగితాలు కావాలంటారు. ఫోన్లోనే ఉన్నాయి."

సులభ ఆమె చేయి పట్టుకుంది.

"సర్దిచెబుతావని పిలిస్తే నువ్వూ కోర్టుకే ఓటేశావా?" అన్నాడు వసంత్‌రావు. "ఇక నేనొక్కణ్ణీ ఏం చేస్తాను. బయానా ఇచ్చింది మనం, భయపడాల్సింది వాళ్లు. పదండి."

రోహిణి దావా వేసింది. కేసు తేలేదాకా ఆ ఇల్లు ఎవరికీ అమ్మకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అది తెలియగానే బిల్డరు ఖోత్ కొడుకు ఫోన్ ఎత్తడం మానేశాడు. అతనికి ఊళ్లో ఇంకా చాలా ఇళ్లున్నాయి. కానీ కొడుకు పట్టు వదల్లేదు. సాగదీస్తే ఈ ముసలివాళ్ల చేతిలో డబ్బు అయిపోతుందని అతని లెక్క. కోర్టు రెండు పక్షాలనూ మధ్యవర్తి దగ్గరికి పంపింది.

ఆ గదిలో ఖోత్ ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. కొడుకు నేర్పి పంపిన మాటే అన్నాడు. "ఇవాళ రాసిస్తానంటే ఇవాళ డబ్బు కట్టగలరా వీళ్లు?"

ముగ్ధ బ్యాంకు కాగితాలు బల్ల మీద పెట్టింది. "కట్టగలరు. జతగా సంతకం నాది. నేను ఈవిడ కూతుర్ని."

ఖోత్ కాగితాలు చూడలేదు. ముగ్ధను చూశాడు. కాగితాలు ఆమె వైపే జరిపి అన్నాడు, "నీకున్నంత ధైర్యం నా కొడుక్కి ఎదురుగా నాకు లేకపోయిందమ్మా." తర్వాత సులభ వైపు తిరిగాడు. "మీకు మాటిచ్చిన రోజు నేను హాయిగా నిద్రపోయాను వహినీ. మాట తప్పాక ఒక్క పూట కూడా అన్నం సహించలేదు. మా ఆవిడయితే మాట్లాడటమే మానేసింది. ఆ బావి పూడ్చేస్తారని ఆవిడ ఏడుపు. రాసిచ్చేస్తాను. పరిహారం అవీ అడక్కండి, అంతే."

"లాయరు ఖర్చు మాత్రం మీది," అంది సులభ. "పాఠం నేర్చుకున్నందుకు ఫీజు."

ఖోత్ ఒప్పుకున్నాడు. మధ్యవర్తి కూడా నవ్వు దాచుకోలేదు.

రిజిస్ట్రేషన్ అయిన మధ్యాహ్నం ఖోత్ భార్య తనే తాళంచెవి తెచ్చి సులభ చేతిలో పెట్టింది. జామచెట్ల కింద కాసేపు నిలబడి, "పురుగు పట్టకుండా చూసుకో చెల్లీ," అని మాత్రం అంది. "పండ్లు మొదట మీ ఇంటికే వస్తాయి," అంది సులభ. ఇద్దరూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు. పక్కనే ఖోత్, వసంత్‌రావు బావి లోతు ఎంతో తేల్చుకోలేక వాదించుకుంటున్నారు.

వాళ్లు వెళ్లాక ఖాళీ ఇంట్లో ముగ్గురే మిగిలారు. వసంత్‌రావు పాలు పొంగించడానికి స్టవ్వు వెలిగించే పనిలో పడ్డాడు. ముగ్ధ గదులన్నీ తిరిగింది. కిటికీలు తెరిచింది. వెనక గదిలో చాప పరుచుకుని కాళ్లు బారజాపి పడుకుంది. ఆఫీసుకు లీవు పెట్టిన సంగతి తల్లికి చెప్పలేదు.

భర్త ఫోన్ చేశాడు. "ఎప్పుడు బయల్దేరుతున్నావు? రాత్రి భోజనానికి వచ్చేస్తావా?"

ముగ్ధ జవాబు చెప్పబోయి ఆగింది. పెళ్లయి ఆరేళ్లు. పండక్కి తోడికోడళ్లంతా సంచులు సర్దుకుని వెళ్తుంటే, తను మాత్రం ఆఫీసు పని ఉందని ఇంట్లోనే ఉండేది. వెళ్లడానికి అద్దె గదుల్లో చోటు ఉండేది కాదు. ఆ సంగతి తల్లికి ఎప్పుడూ చెప్పలేదు. తనకు తనే కూడా చెప్పుకోలేదు.

వంటింట్లోంచి సులభ గొంతు వినబడుతోంది. "పొంగాయా లేదా?" "ఆగు బాయీ, పాలను తొందరపెడితే ఎట్లా?"

ముగ్ధ కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నవ్వుతూనే అంది.

"ఈ వారం రానండీ. పుట్టింట్లో ఉన్నాను."